ఐక్యూ 71, ఐక్యూ 66: ఒకే పిల్లవాడికి రెండు అంకెలు ఎలా వస్తాయి?

విశాఖలో తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒకడున్నాడనుకుందాం. మూడో తరగతి. చదవడం ఇంకా పట్టుబడలేదు. మార్చిలో ఒకచోట తెలివితేటల పరీక్ష చేస్తే ఐక్యూ 71 అని కాగితం రాసిచ్చారు. ఆగస్టులో మరోచోట చేస్తే 66 వచ్చింది. అయిదు నెలల్లో వాడి తెలివి తరిగిపోయిందా? మొదట చూసినవాళ్లు పొరబడ్డారా, తర్వాత చూసినవాళ్లా?

ఇద్దరూ పొరబడకుండానే ఈ రెండు అంకెలూ రావచ్చు. ఆ సంగతి అర్థం కావాలంటే ఐక్యూ దేన్ని లెక్కపెడుతుందో, ఎలా లెక్కపెడుతుందో తెలియాలి. రాష్ట్రంలో 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగాక ఈ అంకెలు చాలా ఇళ్లలో మాటల్లోకి వచ్చాయి. బడిలో సీటు దగ్గర నుంచి వైకల్య శాతం చెప్పే సదరం ధ్రువపత్రం దాకా వీటి ప్రభావం ఉంది కాబట్టి, కాస్త ఓపిగ్గా మొదటి నుంచీ చూడటం మంచిది.

తెలివికి మన దగ్గరున్న మాటలు

'బుద్ధిగా కూర్చో' అన్నప్పుడు మనం మాట్లాడేది నడవడిక గురించి. 'వాడికి లోకజ్ఞానం ఎక్కువ' అంటే మనుషుల మధ్య నెగ్గుకు రాగలడని. 'గడుసుది' అంటే ఎవరికీ లొంగదని. ఒక్కసారి విని అప్పజెప్పగలిగినవాణ్ని ఏకసంథాగ్రాహి అంటాం. అవధాని ఒకే సమయంలో సమస్య పూరించి, పద్యం అల్లి, మధ్యలో మోగిన గంటలు లెక్కపెడితే ఆశ్చర్యపోతాం. ఇవన్నీ తెలివే, కానీ ఒకే రకం తెలివి కాదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇందులో కొంత భాగాన్నే విడదీసి కొలుస్తారు. పాఠ్యపుస్తకాలు దానికి ప్రజ్ఞ అని పేరు పెట్టాయి. కొత్త సమస్యను ఆలోచించి విడగొట్టడం, నేర్చుకున్నది సమయానికి వాడుకోవడం, విషయాన్ని కాసేపు మనసులో నిలిపి దానితో పని చేయడం, వేగంగా పోల్చి చూడటం వంటివి దాని కిందికి వస్తాయి. మన 'బుద్ధి'లో ఉన్న మర్యాద, బాధ్యత అందులో లేవు. ఐక్యూ తక్కువ వచ్చిందంటే పిల్లవాడు మంచివాడు కాదనో సోమరి అనో అర్థం రాదు. ఇది తేలిగ్గా కనిపించినా, ఇళ్లలో ఎక్కువ గాయం చేసే పొరపాటు ఇదే.

టెట్ పుస్తకంలో మిగిలిన సూత్రం

ఫ్రాన్స్‌లో బడి చదువు తప్పనిసరి అయ్యాక, మామూలు తరగతిలో నెగ్గుకు రాలేని పిల్లలను గుర్తించి వారికి వేరే బోధన ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఆ అవసరం కోసం ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సైమన్ 1905లో 30 అంశాల పరీక్ష తయారు చేశారు. 1908లో దాన్ని సవరించి, ఏ వయసు పిల్లలు సాధారణంగా ఏ ప్రశ్నలకు జవాబు చెప్పగలరో వరసపెట్టారు. అక్కడి నుంచి 'మానసిక వయసు' అన్న మాట వాడుకలోకి వచ్చింది. 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని 100తో హెచ్చించి ఐక్యూ అన్నాడు.

టెట్, డీఎస్సీలకు చదివిన ప్రతి ఒక్కరికీ ఈ సూత్రం కంఠతా వచ్చు. మానసిక వయసు 6, అసలు వయసు 8 అయితే ఐక్యూ 75. పరీక్షలో మార్కు వస్తుంది, కానీ సూత్రంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, అయిదేళ్ల పిల్ల ఒక ఏడాది వెనకబడితే ఐక్యూ 80. పదేళ్ల పిల్ల అదే ఏడాది వెనకబడితే 90. ఒకే వెనకబాటుకు రెండు విలువలు. రెండోది పెద్దవాళ్ల సంగతి. మానసిక వయసు ఒక దశ దాటాక పెరగడం ఆగిపోతుంది, అసలు వయసు మాత్రం ఆగదు. ఇరవయ్యేళ్ల స్థాయిలో ఆలోచించే నలభై ఏళ్ల మనిషికి ఈ లెక్కన 50 వస్తుంది, అంటే మామూలుగా ఉన్న మనిషి మీద లోపం ముద్ర పడుతుంది.

అందుకే డేవిడ్ వెక్స్‌లర్ 1939లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో పెద్దల కోసం పరీక్ష తయారు చేసినప్పుడు భాగహారాన్ని పక్కన పెట్టేశాడు. ఇప్పటి ప్రధాన పరీక్షలన్నీ ఆయన దారిలోనే నడుస్తున్నాయి. మన దేశంలో మాత్రం పాత లెక్క పూర్తిగా పోలేదు. వి.వి. కామత్ 1934లో తెచ్చిన బినే–కామత్ పరీక్ష మానసిక వయసు మీదే నడుస్తుంది. కాబట్టి నివేదికలో 'ఐక్యూ' అన్న ఒకే మాట కింద రెండు వేర్వేరు లెక్కలు ఉండే అవకాశం ఉంది. మన ఉదాహరణలో పిల్లవాడికి రెండుచోట్లా రెండు రకాల పరీక్షలు పెట్టి ఉంటే, 71కీ 66కీ మధ్య తేడాలో కొంత అక్కడే తేలిపోతుంది.

వంద అంటే ఎంత?

కొత్త లెక్క ఈఏపీసెట్ ర్యాంకు లాంటిది. ర్యాంకు చూసి ఎన్ని లెక్కలు వచ్చో చెప్పలేం; ఆ ఏడాది రాసినవాళ్లలో ఎక్కడ ఉన్నారో మాత్రం చెప్పగలం. ఐక్యూ కూడా అంతే. పరీక్ష తయారు చేసేటప్పుడు ప్రతి వయసులోనూ చాలామంది పిల్లలకు దాన్ని పెట్టి చూస్తారు. వారి సగటును 100 అని, సగటు నుంచి చెదిరే తీరును 15 అని పెడతారు. ఈ చెదిరే తీరునే ప్రామాణిక విచలనం అంటారు.

ఒక ఉదాహరణ లెక్కిద్దాం. ఒక పరీక్షలో పదేళ్ల పిల్లల సగటు మార్కులు 42, ప్రామాణిక విచలనం 8. మన పాపకు 30 వచ్చాయి. సగటు కంటే 12 తక్కువ; 12ను 8తో భాగిస్తే ఒకటిన్నర. ఒకటిన్నరను 15తో హెచ్చిస్తే 22.5. వందలోంచి తీసేస్తే 77.5, అంటే 78. తన వయసు వందమందిలో సుమారు ఏడుగురు పాప కంటే కింద ఉంటారు.

ఇదే నిచ్చెన మీద 85 వచ్చినవాళ్ల కింద 16 శాతం, 115 వచ్చినవాళ్ల కింద 84 శాతం, 130 వచ్చినవాళ్ల కింద 98 శాతం మంది ఉంటారు. 70 కింద ఉండేది రెండు శాతం పైచిలుకు. ఇది వరసలో స్థానం కాబట్టి 140 ఉన్నవాడికి 70 ఉన్నవాడి కంటే రెట్టింపు తెలివి ఉందనడం కుదరదు. ఈ నిచ్చెనకు సున్నా మెట్టు లేదు.

ఏ కొలతకైనా ఊగిసలాట ఉంటుంది. పరీక్ష నిలకడను విశ్వసనీయత అంటారు. అది 0.95 ఉందంటే చాలా మంచి పరీక్ష. అంత మంచి పరీక్షలో కూడా కొలతలోని సహజ దోషం 3.35 పాయింట్లు. నూటికి తొంభై అయిదు సార్లు సరిపడే హద్దులు కావాలంటే అటూ ఇటూ ఆరున్నర వేసుకోవాలి. 71 అంటే నిజానికి '64 నుంచి 78 మధ్య ఎక్కడో'. విశ్వసనీయత 0.90కి తగ్గితే హద్దు తొమ్మిది పాయింట్ల పైనే. 71, 66 రెండూ ఈ హద్దుల్లో హాయిగా ఇమిడిపోతాయి. అమెరికా సుప్రీంకోర్టు 2014లో హాల్ కేసులో, మేధో వైకల్యాన్ని తేల్చే 70 అన్న గీతను ఈ హద్దుతో సంబంధం లేకుండా వాడటం తప్పని తీర్పు చెప్పింది. అక్కడ తేలాల్సింది ఒక మనిషికి మరణశిక్ష అమలు చేయవచ్చా లేదా అన్నది.

పరీక్ష గదిలో ఏం జరుగుతుంది

ఐక్యూ పరీక్ష అంటే ఒకటే ప్రశ్నపత్రం కాదు. నిపుణులు ఎదురుగా కూర్చుని గంట, గంటన్నర పాటు చిన్న చిన్న పనులు చేయిస్తారు. వెక్స్‌లర్ పిల్లల పరీక్ష అయిదో కూర్పు వాటిని అయిదు రాశులుగా చూస్తుంది: మాటల అవగాహన, ఆకారాల అవగాహన, కొత్త సమస్యల ఆలోచన, పనిచేసే జ్ఞాపకం, వేగం.

ఆకారాల పనిలో ఎరుపు, తెలుపు ముఖాలున్న ఘనాలు ఇచ్చి, బొమ్మలో చూపిన నమూనా పేర్చమంటారు. స్టాప్‌వాచ్ నడుస్తూ ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది పేర్చాడా లేదా అన్నదొక్కటే కాదు. నమూనాను ముందే ముక్కలుగా మనసులో విడదీశాడా, ఘనాలను తిప్పి తిప్పి తగిలినచోట పెట్టాడా, తప్పని తనకే తెలిసిందా అన్నవి అంకె కంటే ఎక్కువ చెబుతాయి. మంచి నివేదికలో ఈ వాక్యాలు ఉంటాయి.

పోలికల పనిలో రెండు వస్తువులు చెప్పి అవి ఎలా ఒకటో అడుగుతారు. అరటి, మామిడి అనుకుందాం. 'రెండూ పళ్లు' అంటే రెండు మార్కులు. 'రెండింటికీ తొక్క ఉంటుంది' అంటే ఒకటే. రెండో జవాబు తప్పు కాదు. వస్తువులను జాతులుగా విడగొట్టి చూడటం బడి నేర్పే అలవాటు, పరీక్ష ఆ అలవాటుకు ఎక్కువ మార్కు వేస్తుంది. 1930ల మొదట్లో అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ రైతులకు గొడ్డలి, రంపం, సుత్తి, దుంగ చూపించి ఏది వేరని అడిగితే, చదువు లేనివారు దుంగను వేరు చేయడానికి ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే గొడ్డలికి పనేముందన్నది వాళ్ల తర్కం.

అంకెల జ్ఞాపకం పని గురించి తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. సెకనుకు ఒకటి చొప్పున అంకెలు చదువుతారు, పిల్లలు తిరిగి చెప్పాలి. పెద్దవాళ్లు సగటున ఏడు దాకా చెప్పగలరు. చదివేవారు ఫోన్ నంబరు చెప్పినట్లు జంటలుగా, గొంతు ఎత్తీ దించీ చదివితే పని సులువైపోతుంది, ఫలితం చెడిపోతుంది. దీనికి మించిన చిక్కు భాషలో ఉంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఇంగ్లిష్‌లో పలికితే మొత్తం 10 అక్షరాల నాదం. తెలుగులో ఒకటి, రెండు, మూడు అంటూ తొమ్మిది దాకా పలికితే 23. ఎనిమిది ఒక్కటే నాలుగు అక్షరాలు. నోటికి పట్టే సమయం పెరిగేకొద్దీ మనసులో నిలిచే అంకెల సంఖ్య తగ్గుతుంది. వేల్స్‌లో రెండు భాషలూ వచ్చినవాళ్ల మీద 1980లో ఎల్లిస్, హెన్నెల్లీ ఇదే చూపించారు: పలకడానికి ఎక్కువ సమయం పట్టే వెల్ష్ అంకెల్లో వాళ్లకు తక్కువ గుర్తున్నాయి. తెలుగులో పరీక్ష పెట్టి, ఇంగ్లిష్ పిల్లల సగటుతో పోలిస్తే పిల్లలకు ఉత్త పుణ్యానికి పాయింట్లు పోతాయి.

చదువు రాని పిల్లలకు, భాష కలవని పిల్లలకు మాటల్లేని పరీక్షలున్నాయి. సి.ఎం. భాటియా 1955లో తెచ్చిన పరీక్షమాలలో అయిదు పనులు: ఘనాల పేర్పు, పెట్టెలో ముక్కలు జరపడం, పెన్సిల్ ఎత్తకుండా బొమ్మ గీయడం, తక్షణ జ్ఞాపకం, బొమ్మ ముక్కలు అతకడం. జ్ఞాపకం పనిలో చదువు రానివారి కోసం అంకెల బదులు ధ్వనులు వాడే ఏర్పాటు ఉంది. 1938 నాటి రావెన్ పరీక్షలో 60 నమూనాలు, ఒక్కోదాంట్లో ఖాళీలో సరిపోయే ముక్కను వెతకాలి. వీటిలో మాట లేదు కానీ, కాగితం మీద గీతలు చూసి నమూనా పట్టే అలవాటు బడితోనే వస్తుంది. సంస్కృతి అంటని పరీక్ష ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు.

ఒకటే తెలివా, ఎన్నో తెలివులా?

1904లో చార్లెస్ స్పియర్‌మన్ ఒక విషయం గమనించాడు. ఒక పనిలో బాగా చేసినవాళ్లు మిగతావాటిలోనూ సగటు కంటే మెరుగ్గానే చేస్తున్నారు. గాజువాకలో వందమంది పదో తరగతి పిల్లలకు పదజాలం, ఘనాలు, అంకెలు, నమూనాలు అన్నీ పెడితే ఇప్పుడూ అదే కనిపిస్తుందని ఆశించవచ్చు. ఈ ఉమ్మడి భాగానికి ఆయన 'జి' అని పేరు పెట్టాడు, మన పుస్తకాల్లో సాధారణ కారకం. ప్రజ్ఞ పరిశోధనలో ఇంత నిలకడగా మళ్లీ మళ్లీ కనిపించిన ఫలితం మరొకటి లేదు.

ఫలితం మీద తగువు లేదు, దాని అర్థం మీదే ఉంది. స్పియర్‌మన్ దాన్ని మెదడులోని ఒక శక్తి అనుకున్నాడు. గాడ్‌ఫ్రే థామ్సన్ 1916లోనే ఒప్పుకోలేదు: ప్రతి పనికీ మెదడులోని ఎన్నో చిన్న పనిముట్లు కావాలి, రెండు పనులకు కొన్ని పనిముట్లు ఉమ్మడిగా ఉంటే చాలు, 'జి' దానంతటదే లెక్కల్లో కనిపిస్తుందన్నాడు. 2006లో వాన్ డెర్ మాస్ బృందం మరో దారి చూపింది. చదవడం వస్తే మాటలు పెరుగుతాయి, మాటలు పెరిగితే ఆలోచన పెరుగుతుంది, ఒకదానికొకటి ఊతమిచ్చుకుంటూ కలిసి ఎదుగుతాయని. మూడు వాదనలకూ లెక్కలు సరిపోతాయి. నా దృష్టిలో మూడోది పిల్లల ఎదుగుదలను చక్కగా వివరిస్తుంది, కానీ ఇది తేలిపోయిన విషయం కాదు.

థర్‌స్టన్ 1938లో ఏడు ప్రాథమిక సామర్థ్యాలన్నాడు. రేమండ్ కాటెల్ కొత్త సమస్యను ఛేదించే చురుకును, ఏళ్ల తరబడి పోగుపడిన పరిజ్ఞానాన్ని వేరు చేశాడు. మొదటిది యవ్వనం దాటాక నెమ్మదిగా తగ్గుతుంది. రెండోది అరవై దాకా నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. జాన్ కారోల్ 1993లో 460కి పైగా పాత అధ్యయనాల అంకెలను మళ్లీ విశ్లేషించి అందరినీ ఒక మూడంతస్తుల మేడలో కూర్చోబెట్టాడు: పైన 'జి', మధ్యలో విశాల సామర్థ్యాలు, కింద సన్న సన్న నైపుణ్యాలు. ఇప్పటి పరీక్షలు ఎక్కువగా ఈ మేడ నమూనా మీదే కడుతున్నారు.

హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించిన బహుళ ప్రజ్ఞలు మన బడుల్లో బాగా ప్రచారంలో ఉన్నాయి. సంగీతం, శరీర కదలిక, మనుషుల్ని అర్థం చేసుకోవడం కూడా తెలివే అన్న ఆయన మాట ఉపాధ్యాయులకు పిల్లల్ని వేరే కళ్లతో చూసే వీలు కల్పించింది. అది మంచి పని. కొలత దగ్గరికి వచ్చేసరికి మాత్రం, వాటిలో ఆలోచనకు సంబంధించినవి పరీక్షించినప్పుడల్లా ఒకదానితో ఒకటి ముడిపడే ఉన్నాయని తేలింది. ఈ సిద్ధాంతం పేరు తగిలించుకుని వేలిముద్రలు చూసి పిల్లల తెలివి రకం చెబుతామనే పరీక్షలు కూడా అమ్ముడవుతున్నాయి. వేలిముద్రల గీతలు పుట్టకముందే, తల్లి కడుపులోనే స్థిరపడిపోతాయి. వాటికీ ఐక్యూకూ ముడిపెట్టే శాస్త్రీయ ఆధారం లేదు. కొలత అంటే పిల్లవాడు ఏదో ఒకటి చేసి చూపించాలి. చేసి చూపించనిది కొలత కాదు.

ఎవరితో పోల్చారు?

విశాఖ ఒకే భాష ఊరు కాదు. నేవీ క్వార్టర్లలో హిందీ, రైల్వే కాలనీల్లో ఒడియా, పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన పిల్లల ఇంట్లో కువి లేదా ఆదివాసీ ఒడియా. శ్రీకాకుళం పిల్లవాడు 'ఏటి' అంటాడు, పిల్లల్ని 'గుంటలు' అంటాడు. జవాబు సరైనదే అయినా, ఆ యాస తెలియని పరీక్షకులు పుస్తక భాష కోసం ఎదురుచూస్తే పదజాలం మార్కు పడిపోతుంది.

పోలిక ఎప్పటి పిల్లలతో అన్నది మరో ప్రశ్న. జేమ్స్ ఫ్లిన్ 1984లో, 1987లో చూపించినట్లు, ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో పరీక్ష మార్కులు పదేళ్లకు సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చాయి. జన్యువులు అంత త్వరగా మారవు. బడి, తిండి, చిన్న కుటుంబం, వస్తువులను జాతులుగా చూసే అలవాటు పెరగడం ఇందుకు కారణాలంటారు. నార్వే వంటిచోట్ల ఇటీవలి తరాల్లో ఈ పెరుగుదల తిరగబడింది కూడా. మన దేశంలో ఇప్పటికీ వాడే మాలిన్ పిల్లల పరీక్ష 1969 నాటిది. పదేళ్లకు మూడు పాయింట్ల వేగం ఇక్కడా ఉందనుకుంటే, అర్ధశతాబ్దానికి పదిహేను. అప్పటి పిల్లల సగటుతో పోలిస్తే ఇప్పటి పిల్లవాడికి 80 వచ్చినా, ఈనాటి తోటివాళ్ల మధ్య స్థానం 65 దగ్గర ఉండవచ్చు. పాత పోలికలు అంకెను పెంచి చూపిస్తాయి; సాయం అందాల్సిన పిల్లవాడు గీతకు అవతల మిగిలిపోతాడు.

అంకె ఎంతవరకు చెబుతుంది

స్కాట్లాండ్‌లో 1932 జూన్ 1న పదకొండేళ్ల పిల్లలు 87,498 మందికి ఒకే పరీక్ష పెట్టారు. వాళ్లలో 101 మందికి 66 ఏళ్ల తర్వాత అదే పరీక్ష పెడితే, అప్పటి మార్కుకూ ఇప్పటి మార్కుకూ పొంతన 0.63 వచ్చింది. పూర్తి పొంతనకు విలువ 1. అంటే వరస చాలావరకు నిలుస్తుంది, కానీ కొందరు ఎక్కుతారు, కొందరు దిగుతారు.

బడి మార్కులతో ఐక్యూ పొంతన 0.5 దగ్గర ఉంటుంది. దాన్ని దానితోనే హెచ్చిస్తే 0.25. పిల్లల మార్కుల్లో తేడాలో నాలుగో వంతు ఐక్యూతో కలిసి నడుస్తుంది. మిగతా మూడొంతుల్లో ఉపాధ్యాయులు, ఇల్లు, ఆరోగ్యం, పట్టుదల, భాష అన్నీ ఉన్నాయి. ఉద్యోగ పనితీరుతో పొంతన 0.51 అని 1998లో ఒక సమీక్ష తేల్చింది. 2022లో మరో బృందం లెక్క సరిచేసి 0.31 అంది. ఆ తగువు ఇంకా నడుస్తోంది.

బడి గోడల బయట తెలివిని పరీక్ష సరిగా పట్టలేదనడానికి బ్రెజిల్‌లో 1985లో ప్రచురితమైన చిన్న అధ్యయనం గట్టి ఉదాహరణ. వీధుల్లో అమ్ముకునే అయిదుగురు పిల్లలు బేరం మధ్య వేసిన లెక్కల్లో 98 శాతం సరిగా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతం. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం పాడుతూ గంపకు ధర, బరువుకు ధర, ఐసు ఖర్చు మనసులోనే తేల్చే మనిషి ముందు స్టాప్‌వాచ్, ఘనాలు పెడితే ఏం వస్తుందో ఆలోచించవచ్చు.

పుట్టుకా, పెంపకమా అన్న ప్రశ్నకు కవలల అధ్యయనాలు చెప్పేది: మనుషుల మధ్య తేడాల్లో జన్యువుల వాటా బాల్యంలో తక్కువ, వయసుతో పాటు పెరుగుతుంది. ఆ వాటా ఒక సమూహం లోపలి తేడాల గురించి. ఒక మనిషి తెలివిలో ఎంత భాగం జన్యువులదో అది చెప్పదు, రెండు సమూహాల మధ్య తేడాకు కారణమూ చెప్పదు. వాటా ఎంతున్నా మార్పుకు అడ్డు కాదు. ఆరు లక్షల మందికి పైగా వివరాలు కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, ఒక్కో ఏడాది అదనపు చదువు ఐక్యూను 1 నుంచి 5 పాయింట్లు పెంచుతుందని తేలింది. గర్భంలోనూ పసితనంలోనూ అయోడిన్ కొరత అంకెను పడదోస్తుంది, అయోడిన్ ఉప్పు నిలబెడుతుంది.

ఒక్క పాయింటుకు ఎంత విలువ

ఇక ధ్రువపత్రం సంగతి. మేధో వైకల్యాన్ని ఐక్యూ ఒక్కదానితో తేల్చరు. రోజువారీ జీవితంలో ఎంతవరకు సొంతంగా నెగ్గుకొస్తున్నాడో కూడా చూడాలి, ఇబ్బంది ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. రోజువారీ జీవితాన్ని చూడటానికి మన దగ్గర వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వత మాపనిని వాడతారు. మాలిన్ భారతీయ రూపంలో 89 అంశాలు: తనంతట తింటాడా, స్నానం చేస్తాడా, దగ్గరి దుకాణానికి వెళ్లొస్తాడా. అడిగేది పిల్లవాణ్ని కాదు, తల్లినో తండ్రినో. సామాజిక వయసును అసలు వయసుతో భాగించి వందతో హెచ్చిస్తారు. అంటే వెక్స్‌లర్ పక్కన పెట్టిన పాత సూత్రం ఇక్కడ బతికే ఉంది.

2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల్లో ఈ మాపనిలో 55 నుంచి 69 వస్తే వైకల్యం 50 శాతం, 70 నుంచి 84 వస్తే 25 శాతం అని ఉండేది; 2024లో ఆ మార్గదర్శకాలను సవరించారు. దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అనేక సౌకర్యాలకు కావాల్సింది 40 శాతం. పదేళ్ల పిల్లవాణ్ని తీసుకుందాం. అసలు వయసు 120 నెలలు. 2018 లెక్కన సామాజిక వయసు 84 నెలలైతే సరిగ్గా 70, సౌకర్యం లేదు. 82 నెలలైతే 68, ఉంది. ఆ రెండు నెలల తేడా ఒక్క అంశానికి తల్లి చెప్పిన 'అవును', 'లేదు' మీద ఆధారపడే అవకాశం ఉంది.

ఆ జవాబు ఎలా వస్తుందో చూడండి. 'వీధిలో ఒంటరిగా తిరుగుతాడా?' ఇల్లు బీఆర్‌టీఎస్ రోడ్డు పక్కనే ఉంది, ఏ తల్లీ పంపదు. ఆమె 'లేదు' అంటుంది. 'తనంతట స్నానం చేస్తాడా?' నాయనమ్మ పదేళ్ల మనవడికి ఇప్పటికీ తలంటుతుంది. మళ్లీ 'లేదు'. చేయలేకపోవడం వేరు, చేయనివ్వకపోవడం వేరు. ఇందుకు విరుద్ధంగా జరిగేదీ ఉంది: బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి మనసొప్పని తల్లి, పక్కన కూర్చుని సాయం చేసినవాటికి కూడా 'చేస్తాడండీ' అంటుంది, అంకె గీత దాటిపోతుంది. అనుభవమున్న నిపుణులు ఆ ఒక్క మాటతో ఆగరు. నిన్న పొద్దున్న లేచింది మొదలు ఏం జరిగింది, చొక్కా గుండీలు ఎవరు పెట్టారు, సబ్బు ఎవరు అందించారు, చిల్లర ఎవరు లెక్కపెట్టారు అని ఒక్కొక్కటే అడుగుతారు. మన ఉదాహరణలో 71, 66 వచ్చిన పిల్లవాడికి వర్తించే జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.